చిరునామా వైపు

సిడ్నీ శివారు టూంగాబీ స్టేషన్‌లో దిగి పట్టాల వెంట పది నిమిషాలు నడిస్తే ఎర్ర ఇటుకల ఫ్లాట్లు వస్తాయి. వాటిలో మూడో నంబరు బహదూర్‌ది. మొదటిసారి వచ్చినవాళ్ళు హాల్లో షెల్ఫు మీద వరసగా నిలబెట్టిన నల్ల ఆల్బమ్‌లు చూసి, పెళ్ళి ఫొటోలు కాబోలనుకుని చనువుగా తీసేవారు. తీస్తే జర్మనీ సినిమా తారలు. డెబ్బై ఏళ్ళ కిందటి మూగ సినిమాల వాళ్ళు. నక్కతోలు మెడకు చుట్టుకున్న ఆవిడ, మగవాడిలా క్రాపు కత్తిరించుకున్న ఆవిడ, ముత్యాల దండ పళ్ళతో కొరుకుతున్న ఆవిడ. అన్నీ పోస్టుకార్డులే. గోధుమరంగు ఫొటో, చుట్టూ తెల్ల అంచు, కింద వాలు అక్షరాల్లో పేరు, ఎడమ మూల చిన్న నంబరు.

"ఇంతమందిని తెచ్చి ఇంట్లో పెడితే మా చెల్లెమ్మ ఎలా ఊరుకుందయ్యా భాయ్?" అనేవాడు శేషగిరి. గుంటూరు వాడు, బహదూర్‌తో ఒకే ఆఫీసులో పనిచేసేవాడు.

వంటింట్లోంచి తాహెరా జవాబు వచ్చేది.

"తెచ్చింది నేనేనండీ అన్నయ్యగారూ. ఆయనకేం తెలుసు? ఆయన నంబర్లు చూస్తారు, మొహాలు చూడరు."

అది నిజమే. ఆ నిజాన్ని బహదూర్ అప్పట్లో మెచ్చుకోలు కిందే తీసుకునేవాడు.

అతను పుట్టింది చీరాలలో. తండ్రి రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తా. ఏ బస్తా ఏ ఊరికి పోవాలో, ఏ రసీదు ఏ నంబరుదో చూసి చూసి అరిగిన ఆ కళ్ళే కొడుక్కి వచ్చాయని ఇంట్లో అనేవారు. బహదూర్ లెక్కల్లో డిగ్రీ చేసి, హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చదివి, ఒక ప్రభుత్వ సంస్థలో పద్నాలుగేళ్ళు కోబాల్ ప్రోగ్రాములు రాశాడు. తొంభైల మధ్యకి వచ్చేసరికి కోబాల్ అంటే కుర్రాళ్ళు నవ్వే రోజులొచ్చాయి. ఇక ఇక్కడే రిటైరవడం ఖాయమనుకుంటుండగా లోకానికి రెండువేల సంవత్సరం భయం పట్టుకుంది. పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండంకెల్లో రాసేశారు. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా రాగానే యంత్రాలు వందేళ్ళు వెనక్కి పోతాయన్నారు. దాంతో పాత భాష తెలిసినవాళ్ళకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. 1997లో, నలభై మూడో ఏట, భార్యనీ పదకొండేళ్ళ కూతురు నిదానీ వెంటబెట్టుకుని అతను సిడ్నీలో దిగాడు. ఒక బీమా కంపెనీలో పని. ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన లక్షల లైన్లలో తేదీ ఎక్కడుందో వెతికి, రెండంకెల ముందు ఇంకో రెండంకెలు చేర్చడం. ఉదయం ఏడింటి రైలు ఎక్కితే సాయంత్రం ఏడింటికి ఇల్లు. శనివారాలు కూడా.

తాహెరాది చీరాలకి ఆనుకునే ఉన్న పేరాల. బి.ఏ. తెలుగు చదివింది. ఆ దంపతులు కోపమొస్తే ఉర్దూలో, లేకపోతే తెలుగులో మాట్లాడుకునేవారు. కాబట్టి ఆ ఇంట్లో ఎక్కువగా తెలుగే వినిపించేది. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఆమె మున్సిపల్ బడిలో టీచరు. సుద్దముక్క విరిగేలా బోర్డు మీద నొక్కి రాసేదట. పై తరగతుల సుగుణ టీచరు వచ్చి, "అక్షరం కనిపిస్తే చాలమ్మా, పక్క గదికి వినిపించక్కర్లేదు" అనేవారట. ఆ సంగతి తాహెరా ఎన్నిసార్లు చెప్పేదో. చెప్పిన ప్రతిసారీ సుగుణ టీచరులాగే మూతి ముందుకు పెట్టి చెప్పేది.

సిడ్నీలో ఆమె తెలుగుతో ఎవరికీ పనిపడలేదు. నిదాకి నాలుగు నెలల్లోనే ఇంగ్లీషు నాలుకెక్కింది. అమ్మ తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబు చెప్పేది. పగలంతా ఇంట్లో తాహెరా ఒక్కతే. ఆదివారాలు మాత్రం దగ్గర్లోని స్కూలు మైదానంలో పాత సామాన్ల సంత జరిగేది. ఆమె అక్కడికి పోయేది, పోయి గంటలు గంటలు ఉండిపోయేది.

ఆ సంతలో హెల్గా అనే ముసలావిడ ఒక మడత బల్ల వేసుకుని కూర్చునేది. యాభైల్లో హాంబుర్గ్ నుంచి ఓడలో వచ్చిన మనిషి. వాళ్ళమ్మ అక్కడొక సినిమా హాల్లో టికెట్లు చింపేదట. ఆట అయ్యాక జనం బయటికి వస్తూ, ఇప్పుడే తెర మీద చూసిన తార ఫొటో ఉన్న పోస్టుకార్డు కొనుక్కుని పోయేవారట. అమ్ముడుపోనివి అమ్మ ఇంటికి తెచ్చేదట. ఆ కార్డులే ఇప్పుడు హెల్గా బల్ల మీద ఉండేవి. మంచివి ప్లాస్టిక్ తొడుగుల్లో, మూలలు నలిగినవి ఒక చెప్పుల డబ్బాలో, ఐదు కార్డులు డాలరు.

తాహెరా ఆ డబ్బాలోవి కొన్నది. బొమ్మల మీద మోజుతో కాదు, వెనక వైపు కోసం. అరచేతిలో ఇమిడేంత గట్టి అట్ట, సంచిలో నలగదు, సామాన్ల చీటీ రాసుకోవడానికి అంతకంటే బాగుండేది లేదు. పెన్సిల్‌తో ఎడమ సగంలో చీటీ రాసింది. కుడి సగంలో చిరునామా కోసం అచ్చువేసిన నాలుగు గీతలు ఖాళీగా మిగిలాయి. కార్డన్నాక ఎవరికీ రాయకుండా ఎలా అనుకుందో ఏమో, బొమ్మ వైపు తిప్పి చూసింది. ముత్యాల దండ ఆవిడ మూతి అచ్చం సుగుణ టీచరు మూతిలా ఉంది. దాంతో 'సుగుణ టీచరు గారు, పేరాల' అని రాసేసింది.

అక్కడినుంచి అదొక అలవాటైపోయింది. ప్రతి కార్డు మీది మనిషికీ ఊళ్ళో ఒక పోలిక దొరికేది. క్రాపావిడ పాలకేంద్రం విద్యావతి. నక్కతోలావిడ మెస్ నడిపే సీతాదేవమ్మ. కనుబొమలు గీసుకుని ఆకాశం వైపు చూసే ఆవిడ ఎప్పుడూ అప్పడిగే పక్కింటి మరదలు. వాళ్ళ చిరునామాకి పుదీనా, పాలు, బట్టల సబ్బు రాసుకుని, ఆ కార్డు పట్టుకుని తాహెరా సూపర్‌మార్కెట్‌లో తిరిగేది. ఎప్పుడూ తోడు ఎవరో ఒకరు ఉండేవారన్నమాట.

బహదూర్ ఆ కార్డుల్ని సరిగా చూసింది 1998లో, ఒక సెలవురోజు. ఫ్రిజ్ పైన కట్టగా పడున్న వాటిని తిరగేస్తూ, ఎడమ మూల నంబర్లు చూశాడు. ఒక కార్డు మీద 3418/1 అని ఉంది. ఇంకోదాని మీద 3418/3.

"తాహెరా, ఇందులో రెండు ఏది?"

"ఏ రెండండీ?"

"ఒకటి ఉంది, మూడు ఉంది. మధ్యది ఏమైంది?"

"సుగుణ టీచరు ఫొటోలు రెండున్నాయి, చాలవా?"

చాలలేదు. వరసలో ఒక నంబరు లేకపోతే పార్శిల్ గుమాస్తా కొడుక్కి ముద్ద దిగదు. మరుసటి ఆదివారం అతనే సంతకి వెళ్ళాడు. హెల్గా చెప్పింది: ఒక తారని ఒక పూట కూర్చోబెట్టి ఆరేడు భంగిమల్లో ఫొటోలు తీసేవారు. గీత ముందుది ఆ తార నంబరు, గీత తర్వాతది భంగిమ. 3418లో ఆరున్నాయి. రెండోది దొరకడం కష్టం. ఇంకో మాట కూడా చెప్పింది: కార్డు విలువ సగం బొమ్మలో, సగం వెనక వైపు ఉంటుంది. వెనక శుభ్రంగా ఉండాలి.

బహదూర్ ఇంటికి వచ్చి కట్ట తిరగేసి చూశాడు. ఎక్కడ చూసినా పుదీనా, పాలు.

"ఏం చేశావే ఇదంతా? డెబ్బై ఏళ్ళ నాటి కార్డులివి!"

"డెబ్బై ఏళ్ళుగా ఎవరూ ఏమీ రాయలేదు పాపం. నేను రాశాను."

ఆ రోజునుంచి అతనికి ఆదివారం మధ్యాహ్నాల పని దొరికింది. కిటికీ దగ్గర బల్ల వేసుకుని, తాహెరా రాతలన్నీ ఒక్కొక్క అక్షరం చెరిపేవాడు. నిదా పెన్సిల్ పెట్టెలోని రబ్బరుతో మొదలుపెట్టాడు గానీ, అది అట్టని గీకేస్తోంది.

"ఈసారి బయటికెళ్తే మెత్త రబ్బరు ఒకటి తీసుకురా. బొమ్మలు వేసేవాళ్ళు వాడతారే, అది."

"ఉండండి రాసుకుంటాను, మర్చిపోతాను."

మర్చిపోకుండా తెచ్చింది. తెల్లగా, వెన్నముద్దలా ఉంది. దాంతో చెరుపుతుంటే కాగితం మీద దుమ్ము కూడా మిగిలేది కాదు.

"ఆఫీసులో మీ పని కూడా ఇదేనా?" అని అడిగిందోసారి, టీ కప్పు పెడుతూ.

"అక్కడ రెండంకెలు చేరుస్తాను. ఇక్కడ చెరుపుతాను."

"అక్కడ జీతమిస్తారు, సరే. ఇక్కడ నాకేమిస్తారు?"

అతను నవ్వి, ఇంకో కార్డు అందుకున్నాడు.

ఆమె రాయడం మానలేదు. అతను కొత్త కార్డులు తాళం వేసి దాచుకున్నాడు గానీ, డబ్బాలోవి ఆమెకి వదిలేశాడు. ఒక నెలంతా పెన్సిల్ కనపడక బాల్‌పెన్నుతో రాసింది. సిరా రబ్బరుకి లొంగదు. అలాంటివి ఆరు కార్డులు. 'పాడైపోయాయి' అని బహదూర్ వాటిని పక్కన పెట్టాడు. 3418లో మిగిలినవన్నీ ఆ డబ్బాలోనే దొరికాయి, రెండోదే లేదు. సరిగ్గా అప్పుడే హెల్గాకి ఎక్కడినుంచో 3418/2 దొరికింది. ముత్యాల దండ ఆవిడ అందులో దండ వదిలేసి, ఎవరో పిలిచినట్టు పక్కకి తిరిగి ఉంది. ఖరీదు ఎక్కువ. అతను బేరమాడాడు. చివరికి కొంత డబ్బూ, ఆ ఆరు కార్డులూ ఇస్తే హెల్గా ఒప్పుకుంది. సంచిలోంచి తీసి ఇస్తున్నప్పుడు వాటి వెనక ఏం రాసుందో అతను చూడలేదు. వరస పూర్తయిందన్న ఆనందంలో ఉన్నాడు.

1999లో కార్డులన్నిటికీ కంప్యూటర్‌లో పట్టిక తయారుచేశాడు. నంబరు, తార పేరు, భంగిమ, కార్డు అచ్చయిన ఏడాది, వెనక వైపు స్థితి. చివరి గడిలో అన్నిటికీ 'శుభ్రం' అని రాశాడు. ఆ పట్టిక ప్రింటు తీసి గర్వంగా శేషగిరికి చూపించాడు. శేషగిరి కళ్ళజోడు సర్దుకుని చదివి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. 27 అని రెండంకెల్లో ఉన్న ఏడాదిని అలాగే టైపు చేశాడు కాబోలు, యంత్రం దాన్ని 2027 చేసింది. తారలందరూ ఇంకా రాని కాలంలో ఫొటోలు తీయించుకుంటున్నారు.

"కంపెనీ మొత్తాన్ని కాపాడుతున్నాడమ్మా మీ ఆయన! ఇంట్లో చూడు!"

"పోనీలెండి అన్నయ్యగారూ, ముందు ముందు అందుతాయన్నమాట నా ఉత్తరాలు," అంది తాహెరా.

జనవరి ఒకటి వచ్చింది, వెళ్ళింది. ఏ యంత్రమూ ఆగలేదు. ఇంత డబ్బు దేనికి పోశామని దొరలు గొణిగారు. ఏమీ జరక్కుండా చూడటమే మా పని అని శేషగిరి అందరికీ చెప్పుకుని తిరిగాడు. ఇక కాస్త తీరిక, ఆదివారాలు ముగ్గురం సముద్రానికి వెళ్దామని బహదూర్ అన్నాడు. రెండుసార్లు వెళ్ళారు.

జులైలో ఒక ఉదయం, నిదా బడికి వెళ్ళాక, తాహెరా బట్టలు ఆరేస్తూ పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంది. ఆ రెండు రోజులూ ఆమెకి మెలకువ రాలేదు. రూక్‌వుడ్ శ్మశానంలో, నీలగిరి చెట్ల పక్కన, వానపడి జిగురుగా ఉన్న మట్టిలో దించారు. నలుగురితో పాటు బహదూర్ కూడా మూడు పిడికిళ్ళు మట్టి వేశాడు. చేతిమట్టి కడుక్కోవడానికి నీళ్ళ సీసా అందించింది శేషగిరే.

నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, ఆమె బట్టలు సర్దుతూ నిదా అడిగింది.

"డాడ్, అమ్మ రాసింది ఏదైనా ఉందా? లైక్, హర్ హ్యాండ్‌రైటింగ్?"

"ఎందుకు లేదమ్మా. బోలెడు."

వెతకడం మొదలుపెట్టారు. పాస్‌పోర్టులో సంతకం ఉంది, ఇంగ్లీషులో, చిన్నపిల్లలు దిద్దినట్టు. బ్యాంకు కాగితాల్లోనూ అదే. ఊరికి ఉత్తరాలు రాసేది కాదు, ఫోన్ కార్డు గీకి మాట్లాడేది. వంటలన్నీ నోటిలెక్క. డైరీ లేదు. పుస్తకాల మీద పేరు రాసుకునే అలవాటు లేదు. పెళ్ళికి ముందు పుట్టింట్లో ఏమైనా ఉన్నాయేమోనని బహదూర్ ఫోన్ చేస్తే, ఆ ఇల్లు అమ్మినప్పుడే కాగితాలన్నీ చిత్తుకి పోయాయని బావమరిది చెప్పాడు.

ఆమె ఈ దేశంలో తన అక్షరాలతో రాసిందంతా ఆ కార్డుల వెనకే.

బహదూర్ ఆల్బమ్‌లు దించాడు. ఒక్కొక్క కార్డూ తొడుగులోంచి తీసి వెనక్కి తిప్పాడు. శుభ్రం. శుభ్రం. శుభ్రం. అంత ఓపిగ్గా, అంత నాణ్యంగా తన జన్మలో ఇంకే పనీ చేయలేదనిపించింది. బొమ్మ వైపు తిప్పితే అది మరో బాధ. ఈ క్రాపావిడ ఎవరు? విద్యావతి కదూ? మరి ఈ టోపీ ఆవిడ? తాహెరా చెప్పింది, నవ్వుతూ చెప్పింది, ఇదే బల్ల దగ్గర నిలబడి చెప్పింది. అతను ఊఁ అన్నాడు. ఆ ఊఁ ఒక్కటే గుర్తుంది.

"ఇట్స్ ఓకే, డాడ్," అంది నిదా. అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అప్పుడు గుర్తొచ్చాయి ఆ ఆరు కార్డులు. బాల్‌పెన్నువి.

ఆ వచ్చిన ఆదివారమే సంతకి వెళ్ళాడు. హెల్గా బల్ల ఉండే చోట ఎవరో మొక్కలు అమ్ముతున్నారు. తుంటి ఎముక విరిగి ఆవిడ రావడం మానేసిందన్నారు. ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాడు. చెప్పుల డబ్బాలు కనిపిస్తే చాలు, వంగి వెతికేవాడు. ఇప్పుడు బొమ్మలూ చూసేవాడు కాదు, నంబర్లూ చూసేవాడు కాదు. వెనక్కి తిప్పి చూసి పెట్టేసేవాడు. "రివర్స్‌లో కలెక్ట్ చేస్తున్నావేంటి భాయ్?" అని శేషగిరి ఒకసారి అని, వెంటనే నాలుక కరుచుకుని, తను కూడా పక్కన గొంతుక్కూర్చుని ఇంకో డబ్బా తిప్పాడు.

2001 మొదట్లో ఐటీ బుడగ పేలిందన్నారు. కోబాల్ వాళ్ళ కాంట్రాక్టులు ఒక్కటొక్కటే ముగిశాయి. శేషగిరి ప్రభుత్వ పని దొరికి కాన్‌బెర్రా పోయాడు. పోయే ముందు సంత నడిపే కమిటీ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగి, హెల్గా ఇప్పుడు ఉంటున్న చోటు కనుక్కుని కాగితం మీద రాసిచ్చాడు. బ్లూ మౌంటెన్స్‌లో స్ప్రింగ్‌వుడ్, వృద్ధుల ఇల్లు.

"నన్ను కూడా రమ్మంటావా?"

"వద్దులే శేషగిరీ. బేరం నాది."

జూన్‌లో ఒక మంగళవారం, బ్లాక్‌టౌన్‌లో బండి మారి కొండల మీదికి పోయే రైలెక్కాడు. ఒళ్ళో నల్ల ఆల్బమ్ ఒకటి. అందులో 3418 వరస, ఒకటి నుంచి ఆరు దాకా, ఒక్కటీ తప్పకుండా. ఆరు భంగిమలూ ఇచ్చేస్తాను, ఆ ఆరింటిలో ఒక్కటి ఇస్తే చాలు అని దారిపొడుగునా మనసులో అనుకుంటూనే ఉన్నాడు. ఒక్కటే. దాని మీద ఏం రాసున్నా సరే.

హెల్గా కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. చిక్కిపోయింది. అతన్ని చూసి గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టాక అతని వెనక్కి, తలుపు వైపు చూసింది.

"టారా రాలేదా?" తాహెరాని ఆవిడ అలా పిలిచేది.

బహదూర్ చెప్పాడు. హెల్గా తన భాషలో ఏదో అంది. అతని చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

"డబ్బాలోవి ఏరుతూ నాకు ఒక్కొక్కరి కథా చెప్పేది. ఈమె మా టీచరు, ఈమె మా పాలావిడ అని. ఆమె ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది నాకు. నా ఇంగ్లీషు ఆమెకి సగం. బాగా నవ్వుకునేవాళ్ళం."

ఆ కథల్లో సగమైనా ఈవిడ దగ్గర ఉన్నాయి. తన దగ్గర లేవు. బహదూర్ వచ్చిన పని చెప్పాడు. ఆల్బమ్ తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"మొత్తం వరస మీకే. ఆ రోజు మీకిచ్చిన ఆరింటిలో ఒక్కటి ఉంటే ఇవ్వండి."

హెల్గా తల అడ్డంగా ఊపింది. తుంటి విరిగిన ఏడాదే తన దగ్గర మిగిలినవన్నీ కట్టగట్టి జర్మనీలో ఒక వ్యాపారికి అమ్మేసింది. ఆయన పోయాడట. సరుకు ఎవరి చేతుల్లో పడిందో తెలియదు.

కిటికీ బయట ఎవరో పచ్చిక కోస్తున్నారు. ఆ మిషన్ చప్పుడు దగ్గరికి వచ్చి మళ్ళీ దూరం పోయింది.

హెల్గా ఊరికే ఉండలేక ఆల్బమ్‌లోంచి ఒక కార్డు బయటికి తీసింది. ముప్ఫై ఏళ్ళు కార్డులు కొని అమ్మిన చెయ్యి అది. ముందు వైపు ఒక చూపు చూసి, వెనక్కి తిప్పి, కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండకి ఎదురుగా కాకుండా, ఎండ అట్ట మీదుగా జారిపోయేలా పళ్ళెంలా పట్టుకుని, కన్ను దగ్గరికి తెచ్చింది.

"చెరిపావు దీన్ని," అంది.

"అవును. బాగానే చెరిపాను."

"చాలా బాగా చెరిపావు. అమ్మేవాళ్ళు అలాగే చెరిపి తెస్తారు. కొనేవాళ్ళం ఇలా పట్టుకుని చూస్తాం. మీ ఆవిడది గట్టి చెయ్యి."

కార్డుని కదలనివ్వకుండా అతన్ని కిందికి వంగమంది. బహదూర్ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చూసిన చోటే చూశాడు. ముందు ఏమీ కనిపించలేదు. ఆవిడ మణికట్టు వెంట్రుకవాసి తిప్పింది. అట్ట మీద నీడలు లేచాయి. గుండ్రటి గుంటలు, వాటి పక్కన తలకట్లు. పే. రా. ల. దాని పైన సుగుణ టీచరు గారు. 'గారు' దగ్గర పెన్సిల్ ముక్కు విరిగినంత గట్టిగా దిగింది గుంట.

ఎడమ వైపు ఒకటి కింద ఒకటి. పుదీనా. సేమ్యా రెండు. నిదాకి సాక్సులు. అన్నిటికంటే అడుగున, చోటు చాలక కొంచెం పైకి వంపు తిరిగిన లైను. ఆయనకి మెత్త రబ్బరు.

బహదూర్ ఆ లైను దగ్గరే ఉండిపోయాడు. తెల్లగా వెన్నముద్దలా ఉన్న ఆ రబ్బరు ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది, సగం అరిగి.

"ఏమని రాసింది?" అంది హెల్గా.

"సామాన్ల చీటీ."

"అంతేనా?"

"అంతే."

హెల్గా కార్డు అతని చేతికిచ్చి, ఆల్బమ్ మూసి అతని వైపు జరిపింది. "పట్టుకుపో. బదులివ్వడానికి నా దగ్గరేమీ లేదు. పొద్దునా సాయంత్రం చూడు. మిట్టమధ్యాహ్నం ఎండకి కనిపించవు."

తిరుగు రైల్లో అతను ఆ కార్డు మళ్ళీ తీయలేదు. చెయ్యి తగిలితే గుంటలు పూడిపోతాయేమోనని భయం వేసింది.

ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. నిదా అప్పుడే బడినుంచి వచ్చి, సంచి కూడా దించకుండా టోస్టు తింటోంది. బహదూర్ ఆల్బమ్‌లన్నీ దించి, కిటికీ దగ్గరికి అదే బల్ల లాగాడు. పడమటి ఎండ బల్ల అంచు దాకా వచ్చింది.

"వాట్ ఆర్ యూ డూయింగ్, డాడ్?"

"చేతులు కడుక్కుని రా. తడి లేకుండా తుడుచుకో."

వచ్చింది. అతను కార్డుని హెల్గా పట్టుకున్నట్టు పట్టుకుని, కూతురి తల తన భుజం మీదికి వంచి చూపించాడు. దానికి కనిపించినప్పుడు అతనికి తెలిసింది. భుజం మీద దాని గడ్డం గట్టిగా నొక్కుకుంది.

"దట్స్ హర్."

"అవునమ్మా."

"చదవండి. నేను తెలుగు లెటర్స్ మర్చిపోయాగా."

చదివాడు. పుదీనా, సేమ్యా రెండు, నిదాకి సాక్సులు. తన పేరు రాగానే అది కార్డు కేసి ఇంకా వంగింది. ఏది నా పేరు, ఎక్కడ, అంది. అతను వేలు పెట్టకుండా గాలిలోనే చూపించాడు. చివరి లైను కూడా చదివాడు.

"ఆయన అంటే ఎవరు?"

"నేనే."

"మరి నేమ్ రాయలేదేం?"

"మీ అమ్మ నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు."

రెండో కార్డు తీశాడు. అందులో చిరునామా ఒక్కటే తేలింది, సీతాదేవమ్మ గారు. నక్కతోలావిడ. మూడోదాన్ని నిదా రబ్బరుతో మొదట్లో చెరిపిన రోజుల్లో గట్టిగా గీకేశాడు, అట్ట పొరే లేచిపోయింది. ఎంత తిప్పినా అందులోంచి ఒక్క అక్షరం లేవలేదు. అది ఎవరికి రాసిందో ఎప్పటికీ తెలియదు. అయినా పక్కన పెట్టబుద్ధి కాలేదు. టోపీ ఆవిడ కార్డు అది. నాలుగోదాంట్లో పాలు, బట్టల సబ్బు, బ్యాటరీలు. అడుగున ఇంకేదో లైనుంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. 'ఆ' లాగా కనిపించి మాయమైంది. ఇంకోసారి తిప్పాడు.

ఎండ బల్ల మీదినుంచి జారి గోడెక్కింది. అక్షరాలు అట్టలోకి దిగిపోయాయి. నిదా లేచి లైటు వేసింది. లైటు కింద కార్డు మళ్ళీ ఉత్త తెల్లగా ఉంది.

"ఎన్నున్నాయి ఇంకా?"

"చాలా."

"టుమారో ఆఫ్టర్‌నూన్ నేను తొందరగా వచ్చేస్తా. నేను లేకుండా చదవకండి."

"చదవనులే."

అది లోపలికి వెళ్ళాక కూడా బహదూర్ నాలుగో కార్డు చేతిలోంచి దించలేదు. చీకటిపడే దాకా, లైటు ఆర్పేసి, కిటికీ దగ్గర ఆ చివరి లైను వైపు చూస్తూ కూర్చున్నాడు.